రెండు గంటల గడి

ఫిబ్రవరి 8, గురువారం

పల్స్ 76.

పాస్‌పోర్టులు చేతికిచ్చారు. ఫొటోలో నేను ఎవరినో అడ్రసు అడగబోయి ఆగిపోయినట్టున్నాను. పిట్ట తన ఫొటో చూసుకుని, "ఈ మొహంతో వెళ్తే దిగీ దిగకముందే వెనక్కి పంపించరు కదే?" అంది. పంపిస్తే బాగుండు అనుకున్నాను, అనలేదు. పిట్ట నా రూమ్మేటు. నిద్రలో తప్ప నోరు మూయదు, నిద్రలోనూ గ్యారంటీ లేదు.

టూర్ రికార్డు పుస్తకం మా క్లాసు మేడం నాకే అంటగట్టింది. "నర్సింగ్ థర్డియర్ మొత్తంలో ముత్యాల్లాంటి అక్షరాలు నీవే. నువ్వే రాయాలి." రోజుకో పేజీ. సమయం, చూసిన స్థలం, హాజరు, నేర్చుకున్న విషయం. కింద మేడం సంతకం. ఇరవైనాలుగు మంది పిల్లలం, ఆరు రోజులు, సముద్రం పక్కన ఊరు. ఒకరోజు అక్కడి ఆసుపత్రి చూపిస్తారు కాబట్టి దాన్ని చదువు అంటున్నారు.

సాయంత్రం పిట్ట వార్డు నుంచి కబురు మోసుకొచ్చింది. తొమ్మిదో మంచం పెద్దాయన కొడుకు మళ్ళీ వచ్చాడట. ఫైలు నకలు తీసుకున్నాడట. చార్టు తీసి సూపరింటెండెంటు టేబుల్ మీద పెట్టి, "మేడం, మీ కాగితం ప్రకారం మా నాన్న చనిపోయాక ఇంకో ఇరవై నిమిషాలు బతికే ఉన్నాడు," అన్నాడట. అరవలేదట. అరిచినా బాగుండేదని అక్కడున్నవాళ్ళందరూ అనుకున్నారట.

ఫిబ్రవరి 9, శుక్రవారం

పల్స్ 76. నిద్ర సరిగ్గానే పట్టింది.

ఎవరికీ చెప్పేది కాదు కాబట్టి ఇక్కడ ఒకసారి వరసగా రాసుకుంటాను.

జనవరి 29, సోమవారం. మగవాళ్ళ వార్డు. ఏడు నుంచి పన్నెండు దాకా మంచాలు నాకూ పిట్టకీ. పది గంటలకు చూశాను. తొమ్మిదో మంచం: పల్స్ 82, జ్వరం లేదు, బీపీ 130/80. పన్నెండింటికి మళ్ళీ చూశాను. అంతే ఉంది. వీసా ఫారాల మీద సంతకాలకి పన్నెండుంపావుకల్లా క్లాసురూముకి రమ్మని మేడం కబురు పెట్టింది. వెళ్తే తిరిగొచ్చేసరికి మూడవుతుంది. అందుకని రెండు గంటల గడి కూడా నింపేసి వెళ్ళాను. ఇందులో వింతేం లేదు. సీనియర్లు చేశారు, మేము చేశాం, మా జూనియర్లకి మేమే నేర్పించాం. రెండు గంటల్లో ఎవరి పల్సూ ఎక్కడికీ పారిపోదు.

షీట్లన్నీ దొంతి చేసి వార్డు నర్సు జడ సిస్టర్ ముందు పెట్టాను. ఆవిడ రెండో మంచం దగ్గర ఆక్సిజన్ గొట్టం పట్టుకుని ఉంది. ఒక చేత్తో అది పట్టుకునే, రెండో చేత్తో వరసగా సంతకాలు పెట్టేసింది. చార్టులో స్టూడెంట్ పేరు రాయడానికి చోటే ఉండదు. సంతకం డ్యూటీలో ఉన్న సిస్టర్‌దే.

ఒకటీ నలభైకి పెద్దాయన పోయాడు. భోజనం ప్లేటు తీయడానికి వెళ్ళిన ఆయా చూసింది. డాక్టరు వచ్చి టైము రాశాడు. కొడుకు అప్పటికి దారిలో ఉన్నాడు. వచ్చాక అందరూ ఒకటే చెప్పారు, నిద్రలోనే పోయారని.

జరిగింది ఇంతే. పన్నెండింటిది చూసే రాశాను.

ఫిబ్రవరి 10, శనివారం

పల్స్ 76. సూట్‌కేసు తాళం పడలేదు. పిట్ట దాని మీద ఎక్కి కూర్చుంటే పడింది.

ఫిబ్రవరి 11, ఆదివారం, విమానంలో

పల్స్ 76.

ఎయిర్‌పోర్టులో ఉండగా అమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది. "తిన్నావా? ఎండలో తిరగకు, నల్లబడతావు. సముద్రంలోకి దిగకు." వెళ్తున్నదే సముద్రం చూడటానికమ్మా అంటే, "చూడు. చూడటానికి దిగక్కర్లేదు," అంది. నా గొంతు ఎలాగో ఉందని కూడా అంది. జలుబన్నాను.

టూర్ రికార్డు ఆరు రోజులదీ ఇందాకే రాసేశాను. ప్రోగ్రాం కాగితం చేతిలో ఉంది, బల్ల ముందుంది, నాలుగు గంటలు చేసే పనేం లేదు. సోమవారం: లైట్‌హౌస్, పాత కోట. హాజరు 24. నేర్చుకున్న విషయం: నావికుల భద్రతలో వెలుగు ప్రాముఖ్యం. బుధవారం: అక్వేరియం. హాజరు 24. నేర్చుకున్న విషయం: జలచరాల శ్వాసక్రియ. శుక్రవారం తిరుగు ప్రయాణం కూడా రాశాను. హాజరు 24. అందరూ క్షేమంగా, ఉత్సాహంగా ఉన్నారు.

పిట్ట నా భుజం మీంచి చదివి పకపకా నవ్వింది. "ఏంటే, ఊళ్ళో కాలు పెట్టకుండానే అంతా చూసొచ్చేశావ్! అయితే దిగడం ఎందుకు, ఇదే ఫ్లైట్‌లో వెనక్కెళ్ళిపోదాం." పక్క వరసలో మేడం ఏంటా నవ్వులు అన్నట్టు చూసింది. నేను పుస్తకం మూసేశాను.

పిట్ట నిద్రపోయింది. కిటికీలో ఏమీ లేదు, తెల్లగా ఉంది. ఇదే బాగుంది.

ఫిబ్రవరి 12, సోమవారం

పల్స్ 76.

హోటల్ ఆరో అంతస్తు. సముద్రం కనిపించే గది అన్నారు. కర్టెన్ తీస్తే ఓడల మీంచి ఇనప పెట్టెలు దించే క్రేన్లు కనిపిస్తున్నాయి. వాటి కాళ్ళ మధ్య చేతిరుమాలంత నీలం. పిట్ట దాన్నే ఫొటో తీసి ఇంటికి పంపింది.

మా గైడు పసుపు గొడుగు ఎత్తి పట్టుకుని ముందు నడుస్తాడు. వాన లేదు, ఎండకీ కాదు, మేం తప్పిపోకుండా. ఇరవైనాలుగు మందిమీ బాతు వెనక బాతుపిల్లల్లా ఆ గొడుగు వెనకే నడుస్తున్నాం. అందరూ గొడుగు సార్ అంటున్నారు. ఆయనకి మన భాష ఒక్క ముక్క రాదు కాబట్టి ఎదురుగానే అంటున్నారు.

లైట్‌హౌస్‌కి మరమ్మతు. తలుపుకి గొలుసు వేసి ఉంది. గొడుగు సార్ చాలా బాధపడి రెండొందల పన్నెండు మెట్ల గురించి బయటే నిలబడి చెప్పాడు. నా రికార్డులో మేమందరం ఆ మెట్లెక్కి, పైనుంచి రేవు చూసి, దిగి కూడా వచ్చేశాం. మార్చలేదు. సాయంత్రం మేడం చదవకుండా సంతకం పెట్టింది.

భోజనానికి ముందు మేడం నన్నూ పిట్టనీ లాబీలో ఓ మూలకి పిలిచింది. అక్కడ గాజు తొట్టిలో ఒకటే చేప ఉంది. గురువారం ఉదయం పదకొండింటికి ఎంక్వైరీ పెట్టారట. జడ సిస్టర్‌ని పిలిచారు. ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం. ఎనిమిదేళ్ళుగా ఏటా పొడిగిస్తూ వస్తున్నారు. ఈ ఒక్క కాగితం చాలు, ఈసారి పొడిగించరు, ఇంకెక్కడా తీసుకోరు కూడా.

మేడం ఫోన్‌లో చార్టు ఫొటో చూపించింది. రెండు గంటల గడి చుట్టూ ఎవరో ఎర్రగా సున్నా చుట్టారు.

"ఆ రోజు ఈ మంచాలు మీ ఇద్దరివే కదా. ఎవరు రాశారో నేను అడగను. మీరూ చెప్పొద్దు," అంది మేడం. "సంతకం ఆ సిస్టర్‌ది. స్టూడెంట్ పేరు ఎక్కడా లేదు. చివరి సంవత్సరం పిల్లలు, మీ బతుకులు నాశనం అవుతాయి. అర్థమైందా?"

అర్థమైందన్నాను. పిట్ట ఫొటో పెద్దది చేసి చూసి, చూసి, "మేడం, ఆ ఎనిమిది నాదిలాగే ఉంది," అంది. దాని పెదవులు తెల్లబడ్డాయి.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు. ఇక్కడ భుజాలు తడుముకున్నది దొంగ కాదు. దొంగ చేప వైపు చూస్తూ నిలబడింది. ఆ ఎనిమిది నాదని నాకు లాబీ అవతలి కొస నుంచైనా తెలుస్తుంది. కింద సున్నా చుట్టి, దాని మీద చిన్న సున్నా పెడతాను. పిట్ట ఒకే గీతతో మెలి తిప్పుతుంది. భయంలో దానికి తన ఎనిమిదే గుర్తు లేదు.

ఫిబ్రవరి 13, మంగళవారం

పల్స్ 76.

ఆసుపత్రి చూశాం. నేల మీద పెట్టుకుని తినొచ్చు, అంత శుభ్రం. ప్రతి మంచానికీ ఒక మానిటరు తెర. పేషెంటు వేలికి క్లిప్పు పెడితే అంకెలు వాటంతటవే వెళ్ళి కూర్చుంటాయి. వార్డు చూపించిన నర్సు నిదానంగా ఇంగ్లీషులో చెప్పింది, ఎవరూ చేత్తో రాయరట. మావాళ్ళలో ఒకమ్మాయి, ముందుగా రాసిపెట్టుకోవడం కుదరదా అని అడిగింది. నిజంగానే అడిగింది. నర్సుకి ప్రశ్న అర్థం కాలేదు. రెండుసార్లు చెప్పించుకుని, "జరగనిది ఎలా రాస్తారు?" అంది. మావాళ్ళందరూ నవ్వారు. పిట్ట నవ్వలేదు. పొద్దున్నుంచి అది మాట్లాడటమే లేదు, మేడం దానికి ఒంట్లో బాగోలేదేమోనని నుదురు చూసింది.

చివరి మంచం మీద ఒక ముసలాయన. మా తెల్ల కోట్లు చూసి, మెషిన్ ఉండగానే, అలవాటు కొద్దీ మణికట్టు పైకి తిప్పి చెయ్యి చాపాడు. అందరికన్నా ముందు నేనే ఉన్నాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. వెనకున్న అమ్మాయి వచ్చి పట్టుకుంది.

పల్స్ చూడటం నాకు నేర్పింది జడ సిస్టర్. మొదటి సంవత్సరంలో. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తుంటే చేతి మీద ఒక్కటేసింది. "నిమిషం అంటే నిమిషం. నీకు తొందరైతే వాళ్ళకి తొందరా?" డ్యూటీలో జడ ముడి వేసుకుంటుంది, అది అరగంటకోసారి జారి నడుం దాకా పడుతుంది. తిట్టుకుంటూ మళ్ళీ చుడుతుంది. అందుకే ఆ పేరు. ఆవిడకీ తెలుసు.

మధ్యాహ్నం ఆవిడ మెసేజ్. "ఆ రోజు తొమ్మిది ఎవరు చూశారో నీకేమైనా గుర్తుందా అమ్మా? ఎంత ఆలోచించినా నాకు రావట్లేదు. తిట్టడానికి కాదు."

బస్సులో కూర్చుని సమాధానం పంపాను. గుర్తులేదు సిస్టర్.

పన్నెండింటిది చూసే రాశాను.

ఫిబ్రవరి 14, బుధవారం

పిట్ట రాత్రంతా కక్కుకుంది. మేడం మాత్రలు ఇచ్చి రూములోనే ఉండమంది. మేం అక్వేరియం చూశాం. రికార్డులో హాజరు 24. మేడం సంతకం పెట్టింది.

అక్వేరియంలో నీళ్ళ కింద గాజు దారి ఉంది. తల మీంచి చేపలు వెళ్తుంటాయి. అందరూ కేకలు వేశారు. నేనూ మెడ ఎత్తాను. పెద్దది ఒకటి పొట్ట ఆనించి గాజు మీద నుంచి జారుకుంటూ వెళ్ళింది. బాగుంది అనుకోవాలి కాబట్టి అనుకున్నాను. ఒకమ్మాయి నా ఫొటో తీసి చూపించింది. నవ్వుతున్నాను. ఎప్పుడు నవ్వానో తెలియదు.

మూడింటికి తిరిగొచ్చాక మేడం తన గదికి పిలిచి కాగితం ముందు పెట్టింది. "నీ అక్షరాలైతే చదవడానికి బాగుంటుంది. నేను చెప్తాను, రాయి." రాశాను. 'మేమిద్దరం ఆ రోజు పన్నెండు గంటల వరకు అన్ని వివరాలూ స్వయంగా పరిశీలించి నమోదు చేసి వార్డు నుంచి బయలుదేరాము. రెండు గంటల వివరాలతో మాకు ఎటువంటి సంబంధమూ లేదు.' తారీకు రేపటిది వెయ్యమంది. రేపు ఎంక్వైరీ టైముకి పంపిస్తుందట. రేపటి తారీకు వేశాను. నాకు అలవాటే. సంతకం పెట్టాను.

"పిట్ట చేత కూడా పెట్టించుకురా," అంది.

రూముకి వెళ్తే అది బాత్రూములో ఉంది. ఈ రెండు రోజుల్లో ఎన్నోసారో. తలుపు దగ్గర టవల్ పట్టుకుని నిలబడ్డాను. బయటికొచ్చి మంచం అంచున కూర్చుంది.

"నేనే రాసుంటానే," అంది. "గుర్తు తెచ్చుకోవడానికి చూస్తున్నా, రావట్లేదు. ఏ రోజు ఏది చూసి రాశానో, ఏది చూడకుండా రాశానో... అన్నీ ఒకేలా ఉన్నాయే. మూడేళ్ళవి. నా వల్లే ఆయన పోయాడేమో."

"ఊరుకో. ఏం కాదు," అన్నాను.

"నీకు గుర్తుందా? తొమ్మిది నేనా, నువ్వా?"

"సంతకం పెట్టు, మేడం అడుగుతోంది," అన్నాను.

పెట్టింది. చివర గీత పక్కకి పోయింది. కాగితం తీసుకెళ్ళి మేడంకి ఇచ్చి వచ్చాను. అది గోడ వైపు తిరిగి పడుకుంది. నేను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఇది రాస్తున్నాను. క్రేను పెట్టెలు దించుతోంది. ఒకటి, రెండు, మూడు. ఇరవై ఏడు దాకా లెక్కపెట్టాను.

పల్స్ అని రాయబోయి ఆగాను. ఈ డైరీలో రోజూ పైన వేసిన 76 ఒక్కరోజు కూడా చూసి వేసింది కాదు. వేలు పెట్టనే లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అంత ఉంటుందని వేశాను.

పన్నెండింటిది కూడా చూడలేదు.

పది గంటల అంకెలనే దించేశాను. పన్నెండుకీ, రెండుకీ, ఒకేసారి, నిలబడే. ఆయన పిలిచాడు. "అమ్మాయ్, ఒకసారి చెయ్యి చూసి వెళ్ళు, ఏదో తేడాగా ఉంది," అని మణికట్టు పైకి తిప్పి చాపాడు. "వస్తున్నా తాతా," అన్నాను. వీసా సంతకానికి అయిదు నిమిషాలే ఉంది.

ఇప్పుడు వేలు పెట్టి చూసుకున్నాను. నిమిషం. 104.

ఫిబ్రవరి 15, గురువారం

దీవికి పడవలో తీసుకెళ్ళారు. ముప్పావు గంట. పిట్ట కూడా వచ్చింది, రూములో ఒక్కతే ఉండలేనంది. దీవిలో ఒక బీచి, పది కొట్లు, ఒక బెంచీ. నీళ్ళలోకి దిగొద్దని ఎర్ర జెండాలు పాతారు. అమ్మ మాట ఇక్కడిదాకా వచ్చింది.

ఎంక్వైరీ టైము, అక్కడ పదకొండంటే ఇక్కడ ఒకటిన్నర. ఒంటిగంటకి పిట్టని బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పాను.

"తొమ్మిది నాది. ఆ ఎనిమిది నాది. మొదటి నుంచీ తెలుసు."

పిట్ట నా మొహం చూసింది. తిడుతుందనుకున్నాను. కొడితే ఇంకా బాగుండేది.

"రెండు రోజుల నుంచి నేను బాత్రూములో చస్తుంటే," అంది, "నువ్వు బయట నిలబడి టవల్ అందించావు కదే."

అవునన్నాను. అది లేచి వెళ్ళి మిగతావాళ్ళ పక్కన నిలబడింది. నా వైపు చూడకుండా, దూరం నుంచే చేత్తో ఫోన్ చెయ్యమన్నట్టు సైగ చేసింది.

జడ సిస్టర్ మొదటి రింగుకే ఎత్తింది. గుసగుసగా మాట్లాడింది. "బయట బెంచీ మీద కూర్చున్నా. ఇప్పుడే పిలుస్తారు. ఏంటమ్మా?"

"సిస్టర్, నాకు గుర్తుంది. మొన్న అబద్ధం చెప్పాను. తొమ్మిది..."

"ఆగు," అంది. "నాకు చెప్పకు. నాకు చెప్తే నేను నీ మాట మోసినట్టుంటుంది. ఫోన్ పెట్టకు. లోపల చెప్పు."

పిలుపు వచ్చి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి లోపలికి తీసుకెళ్ళినట్టుంది, కుర్చీలు జరిగిన చప్పుడు. సూపరింటెండెంటు గొంతు, ఇదేంటి, స్టూడెంట్ల స్టేట్‌మెంట్ మేడం పంపించారు కదా అంటోంది. ఆవిడే చదువుతున్నట్టుంది, 'స్వయంగా పరిశీలించి' అనే దగ్గర ఆగింది. ఆ కాగితం రాసింది కూడా నేనేనన్నాను. తర్వాత వరసగా చెప్పాను. పది గంటలకు చూసింది, పన్నెండింటికి చూడనిది, రెండు గంటల గడి. సిస్టర్ చేతులు ఖాళీ లేనప్పుడు షీట్లు ముందు పెట్టింది. నా గొంతు క్లాసులో కేస్ ప్రజెంట్ చేస్తున్నట్టే ఉంది. అది నాకే అసహ్యమేసింది.

అప్పుడు ఇంకో గొంతు. మగ గొంతు, మెల్లగా. అది ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"అంటే పన్నెండింటికి మా నాన్న నిద్రలో ఉన్నాడా?"

ఉన్నారని అనొచ్చు. గది మొత్తం నేను అలా అనాలనే చూస్తోందని ఇక్కడిదాకా తెలిసింది. అతనికి కూడా అదే కావాలేమో.

"లేదండి. మెలకువగా ఉన్నారు. నన్ను పిలిచారు."

"నిద్రలో పోయారన్నారు కదా అందరూ."

"ఒకటీ నలభైకి ఎలా ఉన్నారో నాకు తెలియదండి. పన్నెండింటికి మెలకువగా ఉన్నారు. ఏదో తేడాగా ఉంది, చెయ్యి చూడు అన్నారు. వస్తున్నా అన్నాను."

"వెళ్ళారా?"

"వెళ్ళలేదు."

సూపరింటెండెంటు గొంతు సవరించుకుని, ఎన్నిసార్లు పిలిచాడు అని అడిగింది. అది కూడా కాగితంలోకి ఎక్కాలి కాబోలు.

"ఒకసారి," అన్నాను.

ఇక్కడ అందరూ జెట్టీ మీద గ్రూపు ఫొటోకి నిలబడ్డారు. గొడుగు సార్ గొడుగు ఊపుతున్నాడు. మేడం ఎవరో తక్కువయ్యారని లెక్కపెడుతోంది. వెళ్ళి చివర నిలబడ్డాను. నేను వచ్చాక సరిపోయింది. ఫొటో తీసే ముందు మేడం ఫోన్ మోగింది. ఎత్తి, విని, నా వైపు చూసింది. ఆ చూపుతోనే ఫొటో పడింది.

మేడం రికార్డు పుస్తకం అడిగితే ఇచ్చేశాను. ఇవాళ్టి పేజీ, రేపటి పేజీ ఎప్పుడో రాసేసి ఉన్నాయి. రెండింటి మీదా అడ్డంగా గీతలు కొట్టి ఇచ్చాను. తెరిచి చూసిందో లేదో తెలియదు.

పిట్ట పక్క గదికి మారింది. టవల్ మర్చిపోయి వెళ్ళింది. తీసుకెళ్ళి ఇద్దామని లేచి, మళ్ళీ కూర్చున్నాను.

ఫిబ్రవరి 16, శుక్రవారం, ఎయిర్‌పోర్టు

98. మూడుసార్లు చూశాను.

పొద్దున్నే జడ సిస్టర్ మెసేజ్. "మూడు నెలలు సస్పెన్షన్. ఉద్యోగం తీసెయ్యలేదు. చూడకుండా సంతకం పెట్టింది నేనే, అది నాది. నీది నువ్వొచ్చాక తేలుస్తారు. ఏమంటారో నాకు తెలియదు. భోజనం మానకు." సరే సిస్టర్ అని పంపాను. నాకు చదువులో ఒక సంవత్సరం పోతుందని మేడం అంది. పోతే పోనీ అనుకున్నాను అని రాస్తే అబద్ధం. అమ్మకి ఏం చెప్పాలో తెలియదు. నాన్న మాట్లాడడు, అది ఇంకా కష్టం.

సెక్యూరిటీ దాటాక ఎవరి పక్కన వాళ్ళు కూర్చున్నారు. నా పక్క రెండు కుర్చీలు ఖాళీ. పిట్ట ఎదురు వరసలో బిస్కట్ పాకెట్ పట్టుకుని ఉంది. ఒకసారి నా వైపు చాపబోయి, మానుకుంది.

అప్పుడు తెలియని నంబరు నుంచి ఫోన్. మన దేశానిది.

"మీరేనా?" అన్నాడు. గొంతు గుర్తుపట్టాను.

"నేనేనండి."

"నంబరు ఆ సిస్టర్‌ని అడిగి తీసుకున్నాను. ఇవ్వనంది, బతిమాలితే ఇచ్చింది. తిట్టడానికి చెయ్యలేదు. నిన్న అంతమందిలో అడగలేకపోయాను. మా నాన్న ఏమని పిలిచాడు?"

"అమ్మాయ్, అని."

"గట్టిగానా?"

"లేదండి. మామూలుగానే."

"భయపడుతున్నట్టు ఉన్నాడా?"

ఆలోచించాను. ఇంతవరకూ ఆయన మొహం గుర్తు తెచ్చుకోలేదు. చెయ్యి వరకే తెచ్చుకుని ఆపేసేదాన్ని.

"కొంచెం," అన్నాను. "నవ్వుతూనే అన్నారు. కానీ భయపడుతున్నారు."

ఆ పక్క బస్సులు, హారన్లు వినిపిస్తున్నాయి. ఎక్కడో రోడ్డు మీద నిలబడి మాట్లాడుతున్నట్టున్నాడు.

"ఒక్కసారే పిలిచాడన్నారు నిన్న," అన్నాడు. "మా నాన్న ముప్పై ఏళ్ళు బస్సులో కండక్టరు. మనిషి తిరిగి చూసేదాకా పిలుస్తాడు. ఒక్కసారి పిలిచి ఊరుకునే మనిషి కాదు. అందుకే రాత్రంతా నిద్ర పట్టలేదు. ఒక్కసారికే ఊరుకున్నాడంటే ఓపిక లేకపోయిందా, ఏంటి అని."

మా ఫ్లైటుకి పిలిచారు. అందరూ లేచి వరస కట్టారు.

"మూడుసార్లండి," అన్నాను. "నిన్న కూడా తగ్గించి చెప్పాను. రెండోసారి వస్తున్నా అన్నాను. మూడోసారికి తలుపు దాటేశాను. విన్నాను. వినపడనట్టు వెళ్ళిపోయాను."

"గట్టిగా పిలిచాడా మూడోసారి?"

"గట్టిగానే పిలిచారు."

"ఆఁ," అన్నాడు. ఊపిరి వదిలాడు. "అదీ. అలాగే పిలుస్తాడు."

ఏడుస్తున్నాడని తెలిసింది. ఫోన్ పెట్టెయ్యలేదు, నేనూ పెట్టలేదు. వరసలో మేడం తలలు లెక్కపెట్టుకుంటూ నా దగ్గరికి వచ్చి ఆగింది. ఒక్క నిమిషం మేడం అన్నాను. నిమిషం అంటే నిమిషం అతను అలాగే ఉన్నాడు, నేను వింటూ నిలబడ్డాను.